తోడు వాయించే చేతులకు పోటీ ఎందుకు?

కరీంనగర్‌లో ఆర్గన్ అంటే ఆదివారం ఆరాధనలో మోగే కీబోర్డే. వేల గొట్టాలతో గోడంత ఎత్తున నిలబడే అసలు ఆర్గన్‌ను ముట్టుకోవాలంటే చెన్నై, కోల్‌కతా వంటి నగరాలకు రైలెక్కాలి. అలాంటి ఊళ్లో అంతర్జాతీయ ఆర్గన్ పోటీల మీద వాదం ఎందుకంటే, ఒక పిల్ల అడిగింది కనుక. చర్చిలో కీబోర్డు వాయించే పదో తరగతి పిల్ల. ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ పోటీ వీడియో చూసి, అక్కడికి పోవాలంటే ఏం చెయ్యాలని అడిగింది. జవాబు చెప్పాల్సిన ఇద్దరికీ మాట కుదరలేదు.

ఒకరు ఆ పిల్లకు నేర్పే టీచర్. ప్రతి ఆదివారం ఆరాధనకు ఆమే వాయిస్తుంది. రెండో ఆయన సార్. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు; పద్యనాటకాలకూ చిందు యక్షగానాలకూ రాత్రుళ్లు హార్మోణి వాయించాడు. వాళ్ల పేర్లు రాయడం లేదు. ఇలాంటి ఇద్దరు ఈ దిక్కు పాట ఉన్న ఏ ఊళ్లోనైనా కనబడతారు. నాటకాల పెద్దమనిషి పోటీ వద్దంటాడనీ, స్టాఫ్ నొటేషన్ చదివే టీచర్ కావాలంటుందనీ అనుకుంటాం. జరిగింది దానికి తలకిందులు.

టీచర్: ఆ పిల్లకు ఆశ పెట్టకుండ్రి సార్. కీబోర్డు మీద కీర్తనలు వాయించినంత మాత్రాన ఆర్గనిస్టు కాదు. ఆర్గన్‌కు చేతులతోని వాయించే మెట్ల వరసలే రెండు, మూడు, నాలుగు ఉంటయి. కాళ్ల కింద ముప్పైకి అటూఇటూ పెడళ్లుంటయి, వాటిని చూడకుండనే స్వరం పట్టుకోవాలె. ఇగ స్టాప్‌లు. ఒక్కో స్టాప్ గుంజితే ఒక్కో వరస గొట్టాలకు దారి తెరుసుకుంటది. గుంజకపోతే మెట్టు నొక్కినా సప్పుడే రాదు. ఈ పిల్ల ఇప్పటిదాక ఒక్క గొట్టం దగ్గరికన్న పోలేదు.

సార్: అవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులే బిడ్డా. నేర్పేటానికి మనిషి, వాయించేటానికి వాద్యం దొరికితే చాలు.

టీచర్: ఆ రెండే లేవంటున్న. చెన్నై ఎగ్మూరుల సెయింట్ ఆండ్రూస్ కర్క్ ఉన్నది, అండ్ల 1883 నాటి ఆర్గన్. కోల్‌కతా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌ల విల్లిస్ కంపెనీ ఆర్గన్. ఉన్నయి బతికించుకునుడే కష్టం మన వాతావరణానికి. తోలు ఎండిపోతది, కొయ్య బిగుసుకపోతది, చెదలు పడ్తయి. ఇంకో సంగతి, గొట్టంల గాలి వేడెక్కితే శ్రుతి పైకి పోతది. కానీ రీడ్లున్న గొట్టాలు అంతగ జరుగవు. మే నెల రామగుండం ఎండల పెట్టి చూడుండ్రి, ఒకే ఆర్గన్‌ల రెండు శ్రుతులు పుడ్తయి.

సార్: ఎండ మనకొక్కరికేనా? సరే, ఒక ఊరి కథ చెప్త విను. జపాన్‌ల టోక్యో పక్కన ముసాషినో అని ఒక చిన్న నగరం. జనం లక్షన్నరకు అటూఇటూ. మన కరీంనగర్ 2011 లెక్కలకే రెండున్నర లక్షలు దాటింది. ఆ ఊరు 1984ల సాంస్కృతిక భవనం కట్టుకున్నది. అండ్ల డెన్మార్క్ నుంచి మార్కుస్సెన్ కంపెనీ ఆర్గన్ తెప్పించి పెట్టుకున్నది. 1988ల అంతర్జాతీయ ఆర్గన్ పోటీ మొదలుపెట్టింది. కొన్నేండ్లకోసారి దేశదేశాల పిల్లలు ఆ చిన్న ఊరికి పోయి వాయిస్తరు. జపాన్‌ల క్రైస్తవులు నూటికి ఒక్కరు. అయినా ఊరి భవనంల ఆర్గన్ ఉన్నది.

టీచర్: వాళ్ల సంపద వేరు సార్.

సార్: సంపద అంటవా? ఏసీ ఫంక్షన్ హాల్ లేని మండలం ఒకటి చూపియ్యి నాకు. అండ్ల పెండ్లిళ్లయితయి. పాట కోసం కట్టిన గది ఎన్ని ఉన్నయి? ముసాషినో వాళ్లు ముందు గది కట్టుకున్నరు, తరువాత వాద్యం తెచ్చుకున్నరు, ఆ తరువాత పోటీ పెట్టిన్రు. ఆ వరస చూడు. పోటీ అంటే నాకు మెడల్ గుర్తుకు రాదు. ఊరు కూసోని వినుడు గుర్తుకొస్తది.

ఇక్కడ ఒక మాట నేను కలపాలి. ఐరోపాలో కూడా పోటీలు ఈ వరసలోనే పుట్టాయి. సెయింట్ ఆల్బన్స్ కెథడ్రల్‌లో హారిసన్ అండ్ హారిసన్ కంపెనీ కొత్త ఆర్గన్ పూర్తయింది 1962లో. అక్కడి ఆర్గనిస్టు పీటర్ హర్ఫర్డ్ ఆ మరుసటి ఏడే, 1963లో పోటీ మొదలుపెట్టాడు. కొత్త వాద్యం వచ్చిందని నలుగురినీ పిలిచి వాయించమన్న పిలుపు అది. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో 1951లో పోటీ మొదలయ్యే నాటికే సెయింట్ బావో చర్చి ఆర్గన్‌కు రెండు వందల ఏళ్లు దాటాయి. క్రిస్టియాన్ ముల్లర్ దాన్ని 1738లో పూర్తి చేశాడు. 1766లో పదేళ్ల మొజార్ట్ వచ్చి వాయించాడు. గొప్ప వాద్యం ఉన్న చోటికి పిల్లలు రావడం పోటీలకంటే పాతది.

టీచర్: మీరు పోటీ పెట్టినోళ్ల ముచ్చటే చెప్తున్నరు. నేను ఆ పోటీల వీడియోలు శానా చూసిన. ముందు రికార్డింగు పంపాలె, అక్కడనే చాలామంది ఆగిపోతరు. అక్కడిదాక పోయినోళ్లకు ఆ ఆర్గన్ మీద సాధన చేసుకోనీకి దొరికేది కొన్ని గంటలే. వయొలిన్ వాయించేటోడు తన వయొలిన్ తను తెచ్చుకుంటడు. ఆర్గన్ వాయించేటోడు ఏం తెచ్చుకుంటడు? బూట్లు. కొత్త కోడలు అత్తగారి వంటింట్ల నిలబడ్డట్టే. ఏ డబ్బల ఏమున్నదో తెలువదు, విస్తర్లు పరిచి జనం కూసున్నరు.

సార్: అదే నాకు నచ్చింది! మేం ఊరూరు తిరిగినప్పుడు మా హార్మోణి మాతోనే ఉంటుండె. కానీ పాడేటోడు కొత్తోడు. వాడు ఐదో మెట్టంటడు, పాడబోతే నాలుగున్నరకు దిగుతడు. దిగిండని తెలుసుకునే లోపల నా వేళ్లు అక్కడికి పోవాలె. తెలువనిదాని ముందు కూసోని పది నిమిషాలల్ల దాని గుణం పట్టుడు ఒక విద్య. దాన్ని పరీక్షిస్తే తప్పేంది?

టీచర్: తప్పు లేదు. సరిపోదు అంటున్న. చర్చిల ఆర్గన్ ఉన్నదే పదిమంది పాటకు తోడుండేటందుకు. ఆదివారం పొద్దున మా చర్చికి వచ్చి చూడుండ్రి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంల పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటది. పురుషోత్తమ చౌధరి వంటి పెద్దలు నూటయాభై ఏండ్ల కిందనే మన రాగాలల్ల కట్టి పెట్టిన్రు. ముందు వరస ముసలమ్మలు చరణం చివర సాగదీస్తరు. వెనక వరస పోరగాళ్లు ఉరుకుతరు. ఇద్దరి నడుమ నేనున్న. ఆర్గన్ గొట్టం మెట్టును గట్టిగ కొట్టినా, మెల్లగ నొక్కినా ఒకటే తీరు పలుకుతది. ఇగ మన చేతుల ఉన్నదేంది? ఎప్పుడు నొక్కాలె, ఎప్పుడు విడవాలె, అంతే. నేను వేలు లేపినప్పుడు నూరుమంది ఊపిరి తీసుకుంటరు. ఒక్క క్షణం ఆలస్యంగ లేపితే ముసలమ్మకు ఊపిరందదు. ఆ లేపుడే ఆర్గన్ విద్య సార్. పోటీల ఎవరు పాడ్తరు? న్యాయనిర్ణేతలు కాగితాల మీద రాసుకుంటరు, పాడరు.

సార్: (కొంచెంసేపు ఆగి) ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. కానీ నా దిక్కు కథ కూడ విను. పద్యనాటకంల వేషగాడు రాగం ఎత్తుకుంటడు. జనం వన్స్‌మోర్ అంటరు. రెండోసారి వాని గొంతు తడబడితే నేను హార్మోణి సప్పుడు పెంచి కప్పుత. పైసలు వాని అంగీకి గుచ్చుతరు. తెల్లారి కరపత్రం చూస్తే హార్మోణి పేరు అడుగున చిన్న అచ్చుల. నాకు దాని మీద కోపం లేదు. కానీ అన్ని రాత్రులల్ల ఒక్కరన్న, సార్ ఇగ మీరొక్కరే జరసేపు వాయించుండ్రి వింటం, అనలేదు. ఒక్కరు. నాకు వచ్చిందంత ఎవరికీ తెలువకుండనే నా వేళ్లల్ల ఉండిపోయింది.

సార్ ఇక్కడ హార్మోణి చరిత్ర ఎత్తుకున్నాడు. అది ఈ వాదానికి అవతలి సంగతి కాదు. హార్మోణి ఆర్గన్ కుటుంబంలోదే. పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ 1840ల్లో చేసిన వాద్యాన్ని కాళ్లతో తొక్కాలి. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు దాన్ని నేల మీద కూర్చుని ఎడమచేత్తో తిత్తి కొట్టే పెట్టెగా మార్చారు. ఆ పెట్టే నాటక సమాజాల బండ్ల మీద మన ఊళ్లకు వచ్చింది. తరువాత 1940 మార్చి నుంచి ఆకాశవాణి దాన్ని తన స్టూడియోల నుంచి వెలివేసింది. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకున్న జాన్ ఫౌల్డ్స్ అంతకుముందే దానికి వ్యతిరేకంగా రాశాడు; రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా హార్మోణికి వ్యతిరేకమే. 1971 దాకా తలుపు తెరుచుకోలేదు.

సార్: ముప్పై ఏండ్లు! గమకం పలకదన్నరు. నిజమే, మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్న స్వరం దాంట్ల లేదు. కానీ పక్క మెట్టును తాకి తాకి, తిత్తిని సన్నగ పట్టి, ఆ నడుమ జాగ ఉన్నట్టు వినిపించే చేతులు ఉండె. వాదమంత పెట్టె మీదనే జరిగింది. ఆ చేతుల గురించి ఎవరు మాట్లాడిన్రు?

టీచర్: అప్పట్ల పోటీ ఉంటే నిషేధం ఆగేదా సార్?

సార్: ఆగకపోవచ్చు. కానీ వాయించేటోడు ఎవడో తెలిసేది. న్యూజీలాండ్ నుంచి లండన్‌కు వచ్చి చదువుకుంటున్న జిలియన్ వియర్ 1964ల సెయింట్ ఆల్బన్స్ గెలిచింది, ఇంక విద్యార్థే అప్పటికి. మర్సటేడు లండన్ ప్రామ్స్ కచేరీల తొలిరాత్రి ఆమెతోని వాయించిన్రు. అంతకుముందు ఆమెకు రానిది కాదు విద్య. వినేటోళ్లు దొరికిన్రు.

టీచర్: వినేటోళ్లు దొరకాలంటే ఓడేటోళ్లు ఉండాలెనా? మన ఆదిలాబాద్‌కు పోదాం. దీపావళి దినాలల్ల గోండు గూడేల దండారి ఎట్ల జరుగుతది? ఒక గూడెం దండారి ఇంకో గూడేనికి చుట్టమై పోతది. పెప్రె ఊదుతరు, డప్పులు కొడ్తరు, గుస్సాడీలు ఆడ్తరు. ఇంటోళ్లు కాళ్లు కడిగి అన్నం పెడ్తరు. మళ్ల వాళ్లు వీళ్ల గూడేనికి వస్తరు. ఎవరు గెలిచిన్రు? ఎవరూ కాదు. కళ తగ్గిందా? తగ్గలే.

సార్: మంచి మాట చెప్పినవ్. మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021ల పద్మశ్రీ వచ్చింది కూడ ఏ పోటీల గెలిచి కాదు, ఒప్పుకుంట. కానీ ఒక్కటి చూడు. చుట్టమై వచ్చిన దండారిని ఆ గూడెం రాత్రంత రెప్పెయ్యకుండ చూస్తది. చూసే కన్ను ముందే ఉన్నది, అందుకే వాళ్లకు పోటీ అక్కర లేదు. ఆ చెవి హార్మోణికి లేదు, నీ ఆర్గన్‌కు అంతకంటే లేదు. చెవి లేని చోట చెవిని తయారు చెయ్యాలె గద?

నా మొగ్గు ఈ చోట సార్ వైపు. కీబోర్డు ముందు కూర్చున్న పిల్ల పాట అయిపోగానే వైర్లు చుట్టుకుంటుంది. బాగా పాడారని గాయకుడితో చెప్పి జనం ఇళ్లకు పోతారు. ఆమె ఏం చేసిందో విన్నవాళ్లు లేరు. వినని కళ సన్నబడుతుంది; వాయించే మనిషి కూడా మెల్లమెల్లగా, ఎవరూ వినని చోట ఎందుకులే అని, తేలిక స్వరాలకు దిగిపోతాడు. ఇది నేను మన నాటక సమాజాల్లో చూశాను, చర్చిల్లో చూశాను, గుడి భజనల్లో చూశాను. పోటీ మంచిదా చెడ్డదా అన్నదానికంటే, ఆ అరగంట ఒక గది నిండా మనుషులు తోడు వాయించే చేతులనే వింటారన్నది నాకు పెద్ద సంగతి.

టీచర్: సరే. వినాలె అన్నది ఒప్పుకున్న. కానీ ఏం వాయిస్తే వింటరు? బాఖ్ ట్రయో సొనాటాలు ఆరున్నయి. కుడిచెయ్యి ఒక పాట, ఎడమచెయ్యి ఒక పాట, కాళ్లు ఇంకో పాట. మూడూ ఒకదాన్నొకటి తొక్కకుండ నడవాలె. పోటీలకు పోయేటోళ్లు వాటిని ఏండ్లకేండ్లు సాధన చేస్తరు. ఈ పిల్ల ఇప్పుడు మొదలుపెట్టి, ఎప్పటికి చేరుకుంటది? అప్పటికి ఆమె చేతుల ఉన్న ఆనందభైరవి ఉంటదా, పోతదా? నా భయం అది.

సార్: అందుకే హార్లెమ్ పోటీ సంగతి చెప్తున్న. అది రాసిన పాట వాయించే పోటీ కాదు. ఒక చిన్న స్వరఖండం చేతికిస్తరు. దాన్ని పట్టుకొని అప్పటికప్పుడు అల్లుకుంట పోవాలె. పీట్ కీ అనే ఆయన 1953, 54, 55 వరసగ మూడేండ్లు గెలిచిండు. సెయింట్ ఆల్బన్స్‌ల కూడ రాసింది వాయించే పోటీ వేరు, అల్లే పోటీ వేరు. ఇగ ఈ పిల్లను చూడు. నువ్వు మోహన ఎత్తుకొమ్మంటే కీబోర్డు మీద పది నిమిషాలు తిప్పుతది, ఒక్కసారి చేసినట్టు ఇంకోసారి చెయ్యదు. బాఖ్‌ను నేర్చుకోవాలె, తప్పదు. కానీ మన పిల్ల ఖాళీ చేతులతోని పోదు.

టీచర్: మోహనను ఆర్గన్ మీద వాయిస్తే వాళ్లకు ఐదు స్వరాలు వినపడ్తయి, మోహన వినపడదు.

సార్: మొదటిసారి వినపడకపోవచ్చు. 2017ల కెనడా మాంట్రియల్ పోటీ గెలిచిన ఆల్సీ క్రిస్ టెక్సాస్ పిల్లగాడు, నల్లజాతి బిడ్డ. జాజ్ వాయించే చేతులే అవి. ఆ చేతులతోనే పోయి బాఖ్ వాయించిండు. ఇంటి నుంచి తెచ్చుకున్నది వదిలిపెట్టి రమ్మని ఎవరూ అనలేదు గద.

టీచర్: నా అసలు ప్రశ్న ఇంక అట్లనే ఉన్నది. ఎవరు పాడ్తరు?

సార్: దానికి జవాబు ఇప్పుడు యాదికొచ్చింది. అమెరికాల ఆర్గనిస్టుల గిల్డ్ యువకళాకారులకు పోటీ పెడ్తది. అండ్ల పెద్ద పెద్ద రచనలతోపాటు కీర్తన వాయించుడు కూడ ఉంటది. సభల ఉన్నోళ్లు లేచి పాడ్తరు, పోటీకొచ్చిన పిల్ల వాళ్లను నడిపించాలె.

టీచర్: (వెంటనే) అయితే నాకు ఆ రౌండు కావాలె. అది ఉన్న పోటీకైతే నా పిల్లను నేనే తయారు చేస్త.

ఇక్కడి నుంచి మాట వేరే దారి పట్టింది. పిల్లకు ఇప్పుడు చెయ్యగలిగిందేమిటో ఇద్దరూ తొందరగానే తేల్చుకున్నారు. స్టాఫ్ నొటేషన్ గట్టిగా రావాలి. కాళ్లకు ఒక పెడల్ బోర్డు సంపాదించాలి. అసలు ఆర్గన్ల ఒక్కో గొట్టాన్నీ రికార్డు చేసి కంప్యూటర్‌లో పలికించే హౌప్ట్‌వెర్క్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే సాధన మొదలుపెట్టవచ్చు. సెలవుల్లో చెన్నై తీసుకుపోయి, అనుమతి అడిగి, ఒక్క గంటైనా నిజమైన గొట్టాల ముందు కూర్చోబెట్టాలి. తెగనిది ఊరి సంగతి.

సార్: సెయింట్ ఆల్బన్స్ ఎప్పుడో. ముందు మన కరీంనగర్ కళాభారతి హాలుల ఒక పోటీ పెడ్దాం. హార్మోణి, కీబోర్డు రెండూ. చిందు మేళాల పిల్లలు రావాలె, చర్చి పిల్లలు రావాలె, భజన మండలోళ్లు రావాలె. వేములవాడల త్యాగరాజ ఆరాధనకు ఏటేటా విద్వాంసులు వస్తరు, వాళ్లల్ల ఇద్దరిని అడుగుదాం న్యాయనిర్ణేతలుగ. వాళ్లను తెర వెనక కూసోబెట్టాలె. పిల్ల ఎవరి బిడ్డ, ఏ కులం, ఏ మతం కనపడొద్దు. చెవికి వినపడిందానికే మార్కు. మొదటి రౌండు ఒంటరిగ ఒక రాగం. రెండో రౌండు తనది కాని వాద్యం మీద, పది నిమిషాలు చూసుకోనిచ్చి.

టీచర్: మూడో రౌండు తోడు. అప్పటిదాక ఎన్నడు వినని గొంతుకు. పాడేటామె స్టేజీ ఎక్కినామె కావొద్దు. మా ముందు వరస ముసలమ్మ ఒకామె, నాట్లేసేటప్పుడు పాడే ఆమె ఒకామె. శ్రుతి ఇంత అని చెప్పరు, తాళం ఇంత అని చెప్పరు. సగం మార్కులు ఈ రౌండుకే.

సార్: సగమా? అట్లయితే ఒంటరిగ వాయించినదానికి విలువేమున్నది? మళ్ల నన్ను కరపత్రం అడుగుకే పంపిస్తున్నవ్ బిడ్డా. మూడో వంతు.

టీచర్: సగం. ఇంకోటి, ఆ రౌండుకు మార్కులు తెర వెనకోళ్లు వెయ్యొద్దు. పాడినామె వెయ్యాలె.

సార్: ఆమెకు మోహన అంటే తెలువదు, కాంభోజి అంటే తెలువదు. అందరు మంచిగనే వాయించిన్రంటది.

టీచర్: అనదు. తన ఊపిరి ఎవరు పట్టుకున్నరో, ఎవరు తొక్కిన్రో ఆమెకు తెలుస్తది. మీరు నాటకాలకు వాయించిన దినాలల్ల మంచిగ వాయించినవ్ సార్ అని ముందు ఎవరు చెప్తుండె? పాడినోడా, విద్వాంసుడా?

సార్: ... పాడినోడే. కానీ వాడు పాటగాడు. రాగం తెలిసినోడు. నాట్లేసే ఆమెను తెచ్చి మార్కులెయ్యమంటే విద్వాంసులు వస్తరా? రారు. వాళ్లు రాకపోతే ఈ పోటీని ఎవరు లెక్కజేస్తరు?

టీచర్: అయితే ముందు ఆ విద్వాంసులనే అడుగుదాం, ఆమె పక్కన కూసుంటరా అని.

సార్: అడుగుదాం. మూడో వంతు అని రాసుకొని పోదాం.

టీచర్: సగం అని రాసుకొని పోదాం.